దించేటప్పుడు నెమ్మదిగా

(డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినం నాడు పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో ఆర్టిలరీ విశ్రాంత సుబేదారు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

ప్రిన్సిపాల్ గారికి, లెక్చరర్లకి, ఎన్‌సీసీ పిల్లలకి, మిగతా పిల్లలకి నమస్కారమండి. ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు ఎడమ చెవి వినపడదు. తోపుల దగ్గర పోయింది. ఏదైనా అడగాలంటే కుడిపక్కకొచ్చి అడగండి. ఎడమపక్క నుంచి అడిగితే నేను నవ్వి ఊరుకుంటాను, ఈయనకి ఎంత పొగరో అనుకుంటారు. (నవ్వులు)

శాలువా కప్పారు, సంతోషం. ఇది పన్నెండోది. ఎముకలు కొరికే చలిలో ఉన్నన్నాళ్లూ ఎవరూ ఒక్క శాలువా ఇవ్వలేదు. రిటైరై చెమటలు కక్కే ఈ జిల్లాకొచ్చాక ఇంట్లో పెట్టడానికి చోటు లేదు. మా ఆవిడ రెండు తీసి మనవరాలి ఉయ్యాల్లో పరిచింది. మీరు ఇచ్చినందుకు అంటున్నది కాదమ్మా, ఊరికే అన్నాను.

పొద్దున గేటు దగ్గర ఒక అమ్మాయి నా చొక్కాకి ఈ చిన్న కాగితం జెండా గుచ్చి, పది రూపాయలు వెయ్యండి అంకుల్ అంది. ఎవరి కోసం వసూలు చేస్తున్నావమ్మా అంటే, సైనికుల కోసం అంది. వేశాను. నా కోసం నేనే చందా ఇచ్చుకున్నానన్నమాట. (నవ్వులు) ఈ కాగితం జెండా చూడండి. ఇందులోనూ మూడు రంగులే ఉన్నాయి గానీ ఇది మన మువ్వన్నెల జెండా కాదు. ఎరుపు సైన్యానిది, ముదురు నీలం నౌకాదళానిది, లేత నీలం వైమానిక దళానిది. స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్లకి, 1949 ఆగస్టు 28న ఒక కమిటీ కూర్చుని ఏటా డిసెంబరు 7న ఇలా చెయ్యాలని నిర్ణయించింది. వచ్చిన డబ్బు యుద్ధాల్లో కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్లకి, పోయినవాళ్ల ఇళ్లకి, రిటైరై దిగివచ్చిన మాలాంటివాళ్లకి వెళ్తుంది. జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయం అని ఒకటి ఉంటుంది, అక్కడి నుంచి వస్తాయి ఈ జెండాలు, డబ్బాలు. ఆ ఆఫీసు ఎక్కడుందో మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. సరే, దించండి.

నన్ను జాతీయ జెండా గొప్పతనం గురించి మాట్లాడమన్నారు. గొప్పతనం మీకు తెలుసు. నేను ఒక్క నియమం గురించి చెప్తాను. మన ఫ్లాగ్ కోడ్‌లో, అంటే జెండా నియమాల్లో, ఒక చిన్న వాక్యం ఉంది. జెండాని ఎగరేసేటప్పుడు చురుగ్గా ఎగరెయ్యాలి, దించేటప్పుడు నెమ్మదిగా, మర్యాదగా దించాలి. అంతే. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇది నాకు డ్రిల్లులో ఒక భాగం, అంతకు మించి ఆలోచించలేదు. దిగివచ్చాకే దాని అర్థం తెలిసింది.

ఎగరెయ్యడం అందరికీ వచ్చు. ఆగస్టు 15న ముఖ్య అతిథి వస్తాడు, తాడు లాగుతాడు, పూలు రాలతాయి. పూలరేకులు పెట్టొచ్చు, దానికి కోడ్ ఒప్పుకుంటుంది. ఫోటో తీస్తారు, చాక్లెట్లు పంచుతారు. ఆ సాయంత్రం ఆ జెండాని ఎవరు దించారో ఎప్పుడైనా చూశారా? అటెండరో, వాచ్‌మేనో. చీకటి పడ్డాక గుర్తొస్తే ఒక్క గుంజు గుంజి, చుట్టచుట్టి బీరువా మీద పడేస్తారు. వచ్చే జనవరికి ఎలుక కొట్టిన జెండా బయటికొస్తుంది. ఈ కాలేజీ అని కాదండి ప్రిన్సిపాల్ గారూ, చాలా చోట్ల చూశాను.

మా కంటోన్మెంట్లలో పొద్దు గూకేటప్పుడు, జెండా దించే వేళకి, రిట్రీట్ బ్యూగిల్ ఊదుతారు. అది వినపడగానే బయట ఉన్నవాడు ఎక్కడున్నవాడు అక్కడే సావధాన్. నేను రిక్రూట్‌గా గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ఉన్నప్పుడు, కొత్తలో, రెండు బకెట్ల నీళ్లు మోసుకుపోతున్నాను. బ్యూగిల్ మోగింది. నేను నడుస్తూనే ఉన్నాను. వెనక నుంచి ఉస్తాద్, మాకు డ్రిల్లు నేర్పేవాడు, ఒక్క కేక పెట్టాడు. బకెట్లు వదిలేశాను, నీళ్లన్నీ బూట్లలోకి పోయాయి. ఆ జెండా కిందకి దిగేదాకా అలాగే నిలబడ్డాను, తడి బూట్లతో. ఎంతసేపు పట్టిందనుకున్నారు? నిమిషమో, రెండు నిమిషాలో. ఆ వయసులో అది గంటలా అనిపించింది.

అన్నట్టు, ఇంకో సంగతి. పదాతి దళాలకి రెజిమెంటు పతాకం ఉంటుంది, దాన్ని నిశాన్ అంటాం. మా ఆర్టిలరీకి అలాంటి గుడ్డ జెండా లేదు. మాకు తోపే పతాకం. తోపుకే సెల్యూట్, తోపు ముందే కసం. ఎక్కడికి పంపితే అక్కడికి, నేల మీదైనా, నీటి మీదైనా, గాలిలోనైనా, ప్రాణం పోయినా వెళ్తానని ఒట్టు పెట్టుకుంటాం. పద్దెనిమిదేళ్ల కుర్రాడు పెట్టుకుంటాడు ఆ ఒట్టు. మీకన్నా చిన్నవాడు.

మన పక్క కృష్ణా జిల్లా మనిషి పింగళి వెంకయ్య గారు. మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. జెండా నమూనా ఇచ్చారని మీరు చిన్నప్పుడే చదువుకున్నారు. కానీ ఆయన మావాడు కూడా. మాజీ సైనికుడు! కుర్రతనంలో బ్రిటిష్ సైన్యంలో చేరి బోయర్ యుద్ధానికని దక్షిణాఫ్రికా వెళ్లారు, గాంధీ గారి పరిచయం అక్కడే. అంటే ఆయన సెల్యూట్ కొట్టింది యూనియన్ జాక్‌కి. రోజూ పరాయివాడి జెండాకి సెల్యూట్ కొట్టిన చెయ్యి కాబట్టే మనకొకటి ఉండాలని అంతగా తపించిందేమో. ఇది నా ఊహ. 1916లో 30 నమూనాలతో ఒక చిన్న పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో ఎరుపు, ఆకుపచ్చ పట్టీలతో గీసి గాంధీ గారికి ఇచ్చారు. జలంధర్ నుంచి వచ్చిన లాలా హంసరాజ్ రాట్నం ఉండాలన్నారు. గాంధీ గారు తెలుపు చేర్చమన్నారు. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం బదులు 24 ఆకుల అశోక చక్రాన్ని పెట్టి ఖాయం చేసింది. చాలా చేతులు పడ్డాయి ఆ గుడ్డ మీద. మనవాళ్లు అంతా ఆయనే గీశారని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అంత అవసరం లేదు. ఉన్నది చెప్పినా ఆయన పాలు తగ్గదు.

ఆయన 1963 జూలై 4న బెజవాడలో పోయారు. చివరి రోజుల్లో ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. తపాలా బిళ్ల 2009లో వేశారు. మధ్యలో ఎన్నేళ్లు? లెక్క కట్టండి, మీరు డిగ్రీ చదువుతున్నారు. తన శవం మీద జెండా కప్పమని, శ్మశానానికి చేరాక దాన్ని తీసి అక్కడి రావిచెట్టుకి కట్టమని ఆయన కోరుకున్నారని చెబుతారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను దీనికి.

మన తాడేపల్లిగూడెం పక్కనే మాధవరం. అందరూ మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు, ఇప్పటికీ పంపుతున్న ఊరు. మొదట్లో వెళ్లిన ఆ తాతలు కూడా పరాయి జెండా కిందే పోయారు. వాళ్లని ఏ లెక్కలో వెయ్యాలో చాలామందికి తెలియదు. మా లెక్క సులువు. ఒట్టు పెట్టుకున్నాడు, నిలబెట్టుకున్నాడు, మావాడే.

ఇప్పుడు మీరు వినాలనుకుంటున్న కథ. కార్గిల్. (చప్పట్లు) అయ్యయ్యో, ఇంకా చెప్పలేదండి. సినిమాలో లాగా ఉండదు, ముందే చెప్తున్నాను.

1999లో మేం ద్రాస్‌లో ఉన్నాం. దాదాపు 10,800 అడుగుల ఎత్తు. పైన కొండల మీద పాకిస్తాన్ వాళ్లు, కింద శ్రీనగర్ నుంచి లేహ్ పోయే రోడ్డు, ఆ రోడ్డు పక్కన మేం. మాది బోఫోర్స్ తోపు, 155 ఎంఎం. ఒక్క గుండు 40 కిలోల పైమాట. సిమెంటు బస్తాకి కొంచెం తక్కువ అనుకోండి. అది ఎత్తాలి, పెట్టాలి, మళ్లీ ఎత్తాలి, ఊపిరాడని చోట, రాత్రీ పగలూ. ఆ యుద్ధంలో మన తోపులన్నీ కలిపి 2,50,000కి పైగా గుండ్లు పేల్చాయంటారు. నా చెవి ఆ లెక్కలో ఎక్కడో ఉంది.

జెండా కింద పోరాడాం అంటారు కదా. నేను ఆ యుద్ధం మొత్తంలో జెండాని ఒక్కసారి కూడా చూడలేదు. తోపుల దగ్గర జెండా ఎగరేస్తే శత్రువుకి అడ్రస్ రాసిచ్చినట్టే. మా నెత్తిమీద ఉన్నది మట్టిరంగు కామోఫ్లాజ్ వల. జూలై 4న టైగర్ హిల్ మనదైందని వైర్‌లెస్‌లో విన్నాం. పైన జెండా పెట్టారట అన్నాడు మా ఆపరేటర్. పెట్టారట! అంతే మాకు తెలిసింది. అందరం ఒక్క నిమిషం కూలబడి టీ తాగాం. టీలో పంచదార లేదు. ఎవడూ అడగలేదు. మళ్లీ ఫైర్ ఆర్డర్ వచ్చింది, లేచాం.

ఆ కొండలెక్కినవాళ్లు వేరే. మేం కింద నుంచి దారి చేసి ఇచ్చాం, వాళ్లు ఎక్కారు. హైదరాబాదు నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజ్‌పుతానా రైఫిల్స్, జూన్ 28న అదే ద్రాస్ కొండల మీద ప్రాణం వదిలారు. మహావీర చక్ర ఇచ్చారు. మొత్తం 527 మంది పోయారు ఆ యుద్ధంలో.

అవన్నీ పేపర్లలో వచ్చాయి. పేపర్లో రాని సంగతి ఒకటి చెప్తాను.

కార్గిల్ అయిన కొన్నేళ్లకి మేం అరుణాచల్ వైపు ఉన్నాం. కొండచరియ విరిగిపడి మా బండి ఒకటి లోయలోకి పోయింది. అందులో మా తోపు మీద పనిచేసే కుర్రాడు, శ్రీకాకుళం వైపు వాడు. శత్రువు లేడు, యుద్ధం లేదు, టీవీ లేదు. నేనప్పుడు హవల్దారుని. తెలుగువాడివి కదా, నువ్వే తీసుకెళ్లు అన్నారు. శవపేటికతో విమానంలో విశాఖ, అక్కడి నుంచి ట్రక్కులో వాళ్ల ఊరు.

పేటిక మీద జెండా కప్పేటప్పుడు కాషాయం తలవైపు ఉండాలి. తెల్లవార్లూ ట్రక్కులో గాలికి అది జరుగుతూ ఉంటే సరిచేస్తూ కూర్చున్నాను. ఊళ్లో శ్మశానం దగ్గర శోక్ శస్త్ర్ అని కమాండ్ ఇస్తారు. తుపాకులు తలకిందులు చేసి, తలలు వంచి నిలబడతారు. గాలిలోకి కాల్పులు. బ్యూగిల్. అప్పుడు, నిప్పు పెట్టే ముందు, జెండా తియ్యాలి. జెండా చితి మీద కాలకూడదు, గోతిలో దిగకూడదు. ఇది నియమం. తీసి మడిచి ఇంటివాళ్ల చేతిలో పెట్టాలి.

భార్యకి ఇరవై రెండేళ్లుంటాయి, ఆమె లోకంలో లేదు. వాళ్లమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ రెండు చేతులా పట్టుకుని, నా మొహంలోకి చూసి, "ఇది మాకేనా బాబూ, మళ్లీ వచ్చి పట్టుకెళ్లిపోతారా?" అంది.

(కొంచెం ఆగి) సర్కారు సామాను కదా, లెక్క అప్పజెప్పాలేమో అనుకుంది పాపం. నీదేనమ్మా అన్నాను. ఇంకో మాట రాలేదు నాకు. కల్నల్ సంతోష్ బాబు గల్వాన్‌లో పోయినప్పుడు, 2020లో, సూర్యాపేటలో ఆ పేటిక టీవీలో చూస్తుంటే నాకు ఆ ముసలమ్మే కళ్ల ముందుకొచ్చింది. వెంకయ్య గారి రావిచెట్టు సంగతి కూడా నాకు అందుకే నమ్మాలనిపిస్తుంది. ఒకప్పటి సిపాయి ఆయన. తనతో పాటు జెండా కాలిపోకూడదని అనుకుని ఉంటారు.

ఆ తర్వాత ఏమైందో వినండి. ఆ కుర్రాడి భార్యకి పింఛను రావాలి. మా రికార్డులో ఆమె పేరు చివర "అమ్మ" ఉంది. ఊళ్లో ఇచ్చిన కార్డులో "అమ్మ" లేదు. మన వైపు పేర్ల సంగతి మీకు తెలుసు కదా, పిలిచేదొకటి, రాసేదొకటి, ఇంటిపేరు ముందొకసారి వెనకొకసారి. ఢిల్లీలోనో ఇంకెక్కడో కూర్చున్న గుమాస్తాకి ఇద్దరూ వేరు మనుషులు. రెండక్షరాల తేడాకి 14 నెలలు తిరిగింది. ఒక ఆఫీసులో ఎండలో నిలబెట్టి, నువ్వు ఆమెవేనని రుజువేమిటి అని అడిగారట. ట్రంకు పెట్టెలోంచి ఆ జెండా తీసి చూపించిందట. జెండా మీద పేరుండదు కదా.

చివరికి ఎవరు చేశారంటే, ఆ ఊరి ఇంటర్ కుర్రాడు. అఫిడవిట్ రాయించాడు, జిల్లా సైనిక్ ఆఫీసుకి వెంట వెళ్లాడు, నాకు ఉత్తరం రాశాడు, నేను మా యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ సరిచేయించాను. పార్ట్ టూ ఆర్డర్ అంటే సిపాయి పెళ్లి, పిల్లలు, అన్నీ ఎక్కించే కాగితం. అది తప్పితే భార్య భార్య కాదు, కొడుకు కొడుకు కాదు. ఆ కుర్రాడు సైన్యంలో చేరలేదు, ఏదో షాపు పెట్టుకున్నాడు. నా దృష్టిలో వాడికి పన్నెండు శాలువాలు కప్పాలి.

సిపాయిని ఎక్కించేటప్పుడు కూడా చురుగ్గానే ఎక్కిస్తారండి. భర్తీ ర్యాలీ, పరుగు, కసం పరేడ్, ఊళ్లో ఫ్లెక్సీ. దిగేటప్పుడు? పదిహేను, పదిహేడేళ్లు చేసి 36, 37 ఏళ్లకి పెట్టె పట్టుకుని స్టేషన్లో దిగుతాడు. పిల్లలు హైస్కూల్లో ఉంటారు. వీడికి తోపు తప్ప ఇంకేం రాదు. ఏటీఎం దగ్గర కుర్చీ వేసుక్కూర్చుంటాడు. ఇంటికి కొత్త, ఊరికి కొత్త. రాత్రి టపాకాయ పేలితే లేచి కూర్చుంటాడు. ఇప్పుడు అగ్నివీరులు వచ్చారు, నాలుగేళ్లే. నూటికి 25 మందికి మించి ఉంచరు, మిగతావాళ్లు మీ వయసుకే దిగివచ్చేస్తారు. అది మంచిదా చెడ్డదా అని నన్నడక్కండి, నేను రాజకీయం మాట్లాడను. కానీ దిగుతారు. మీ క్లాసులో మీ పక్క బెంచీలో కూర్చుంటారు.

సరే, జెండాకి వద్దాం. నేను సైన్యంలో చేరినప్పుడు మామూలు మనిషి తన ఇంటి మీద ఏడాదిలో కొన్ని రోజులు తప్ప జెండా ఎగరెయ్యడానికి లేదు. 2002 జనవరి 26 నుంచి ఎప్పుడైనా ఎగరెయ్యొచ్చన్నారు. 2004లో సుప్రీంకోర్టు అది పౌరుడి ప్రాథమిక హక్కు అంది. 2021 చివర్లో పాలిస్టర్ జెండాకీ, మిషను మీద కుట్టినదానికీ ఒప్పుకున్నారు. హుబ్బళ్లిలో చేత్తో వడికి నేసే ఖాదీ జెండావాళ్లకి అది ఎలా ఉంటుందో ఆలోచించండి, నాకైతే నచ్చలేదు. 2022లో ఇంటి మీద రాత్రి కూడా ఉంచొచ్చన్నారు. ఆ ఏడే పోస్టాఫీసులో 25 రూపాయలకి అమ్మారు, ప్రతి డాబా మీదా కనిపించింది. చూడ్డానికి బాగుంది, కాదనను.

ఆగస్టు 16 పొద్దున వాకింగ్‌కి నేను ఒక గుడ్డసంచి తీసుకెళ్తాను. మా వీధి నుంచి రైలుగేటు దాకా పోయి వచ్చేసరికి సంచి నిండుతుంది. కాగితంవి, ప్లాస్టిక్‌వి, కాలవలో పడినవి, ఆటోకి కట్టి ఊడిపోయినవి. మొదట్లో పిల్లలు చిత్తుకాగితాల తాత అన్నారు. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు వస్తున్నారు నాతో. చిరిగిన జెండాని ఏం చెయ్యాలో తెలుసా మీకు? కాల్చాలి. ఎందుకలా చూస్తారు, అదే నియమం. నడిరోడ్డు మీద కాదు. ఎవరూ చూడని చోట, శుభ్రమైన చోట, ముక్కలు చెయ్యకుండా మొత్తంగా, మర్యాదగా. మా పెరట్లో తులసికోటకి దూరంగా ఒక చోటుంది. మా ఆవిడ ఆ రోజు అక్కడ ముగ్గు వేస్తుంది. అది కోడ్‌లో లేదు, ఆవిడ కోడ్. (నవ్వులు)

ఇంకొకటి చెప్పి ముగిస్తాను, పొద్దు వాలుతోంది. సంతాప దినాల్లో జెండాని సగానికి దించుతారు కదా. నేరుగా సగానికి ఎక్కించి ఆపేస్తారు చాలామంది. తప్పు. ముందు పూర్తిగా పైకి తీసుకెళ్లి, అప్పుడు సగానికి తేవాలి. సాయంత్రం దించేటప్పుడు కూడా మళ్లీ కొసదాకా ఎక్కించి అప్పుడు దించాలి.

నవంబరు నెల వస్తే మాజీ సైనికులు, వాళ్ల విధవలు బతికున్నామని రుజువు ఇవ్వాలి. ఇప్పుడు ఫోన్‌లో మొహం చూపిస్తే అయిపోతుంది. అయిపోతుంది అంటున్నాను గానీ, ఎనభై ఏళ్ల ముసలావిడకి అది అయిపోదు. మీ చేతుల్లో ఫోన్లున్నాయి. మీ ఊళ్లో ఎవరున్నారో మీకు తెలుసు. నేను ప్రిన్సిపాల్ గారి దగ్గర ఒక కాగితం పెట్టి వెళ్తాను, వచ్చే ఏడాదికి పేరు రాయాలనుకున్నవాళ్లు రాయండి. బలవంతం లేదు. ఎన్‌సీసీకి మార్కులూ లేవు.

ఇప్పుడు మైక్ ఆపేద్దాం. పొద్దున ప్రిన్సిపాల్ గారు ఎగరేసిన జెండా బయట ఉంది. రాత్రి ఉంచినా తప్పులేదు గానీ నాది పాత అలవాటు. ఆ చివర కూర్చున్న అమ్మాయి, పొద్దున నా దగ్గర పది రూపాయలు వసూలు చేశావే, నువ్వు రా. ఇంకొకరు కావాలి. నువ్వు రా బాబూ. చెప్పులు విప్పక్కర్లేదు. తాడు నేను పడతాను, మీరిద్దరూ కింద నిలబడి అందుకోండి, నేలకి తగలకూడదు. అందుకున్నాక అడ్డంగా పట్టుకుని కాషాయాన్నీ ఆకుపచ్చనీ తెలుపు కిందకి మడవాలి. తర్వాత రెండు పక్కల నుంచీ లోపలికి మడిస్తే పైన చక్రం మిగులుతుంది. దాన్ని రెండు అరచేతుల మీద పెట్టుకుని లోపలికి తేవాలి. బీరువా మీద కాదు, బీరువాలో.

మిగతావాళ్లు లేచి నిలబడండి. ఫోన్లు జేబుల్లో పెట్టండి, దీనికి ఫోటో అక్కర్లేదు. సావధాన్.